డెమో క్లాసులో నా కుర్చీ

మా సార్‌ని నేను మొదటి రోజే నమ్మలేదు. అందులో ఆయన తప్పేమీ లేదు, నాది పుట్టు అనుమానం. కూరగాయల బండి దగ్గర కాటా మీద అంకె నిలబడేదాకా చూపు తిప్పను. ఆటో ఎక్కితే అతను తిరిగే ప్రతి మలుపు మీదా నాకో అభిప్రాయం ఉంటుంది. చిన్నప్పుడు మా అమ్మ కంచంలో కూర వేసి, "తిను బిడ్డా, విషం కలపలే" అనేది. అలాంటిదాన్ని తెచ్చి అమీర్‌పేటలో వదిలితే ఏమవుతుందో మీరే ఊహించుకోండి.

మెట్రో మెట్లు దిగేసరికి చేతి నిండా కరపత్రాలు. ఒకటి ఉద్యోగం ఖాయం అంటుంది, ఇంకొకటి ఉద్యోగం వచ్చేదాకా మాదే బాధ్యత అంటుంది. ప్రతి మేడకీ నిలువునా బోర్డులు, ప్రతి మెట్ల దగ్గరా "ఏ కోర్సు మేడం" అని అడిగే మనిషి. అక్కడ ఏ కోర్సైనా డెమో క్లాసుతో మొదలవుతుంది. ఊరికే కూర్చుని వినొచ్చు. నచ్చితే చేరొచ్చు, నచ్చకపోతే పక్క మేడ మీద ఇంకో డెమోకి పోవచ్చు. నేను అలా చాలా మేడలు ఎక్కి దిగాకే ఆయన గదికి వచ్చాను.

గది కిక్కిరిసి ఉంది. ముందు వరసల్లో కూర్చున్నవాళ్ళు ఆయన నోరు తెరవకముందే తలలు ఊపుతున్నారు. మొదటిసారి వింటున్నవాళ్ళు అంత బాగా ఎలా ఊపుతారని నాకు అప్పుడే సందేహం వచ్చింది. ఆయన యాభై దాటిన మనిషి, ఇస్త్రీ చెదరని తెల్ల చొక్కా, నవ్వని మొహం. మాట గోదావరి వైపుది. పొద్దున సరిగ్గా ఏడింటికి తలుపు దగ్గర కూర్చున్న కుర్రాడితో గడియ వేయించి, "ఏడు తర్వాత ఈ తలుపు ఎవరికీ తెరవం. ఇష్టమైతేనే చేరండి" అన్నాడు. చేరమని బతిమాలని మనిషిని అమీర్‌పేటలో అదే మొదటిసారి చూడటం. ఇదో కొత్త రకం వలేమో అనుకున్నాను. అనుకుంటూనే చేరాను.

నేను నేర్చుకోవడానికి వచ్చింది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. ఇంకొకళ్ళు తయారుచేసిన దాంట్లో తప్పులు పట్టే పని. నాలాంటిదాని కోసమే దేవుడు పుట్టించిన కొలువు అనిపించింది. అంతకుముందు జనగామలో ఒక చిన్న ప్రైవేటు బడిలో లెక్కలు చెప్పేదాన్ని. పిల్లలంటే ఇష్టమే గానీ ఆ బడి గోడల మధ్యే ముసలిదాన్నయిపోతానని భయం పట్టుకుంది. మా నాన్న ఎలక్ట్రీషియన్, పెద్దగా మాట్లాడే మనిషి కాదు. బడి కరస్పాండెంట్‌తో తనే వెళ్ళి మాట్లాడి, వచ్చే వేసవి సెలవుల తర్వాత బడి తెరిచేదాకా నా చోటు ఎవరికీ ఇవ్వకుండా ఒప్పించి వచ్చాడు. నన్ను బస్సెక్కిస్తూ, "బడి తెరిచే దాంక చూస్త బిడ్డా. అప్పటికి నౌకరి గాకపోతె వచ్చి పిల్లలకు చదువు చెప్పుకో" అన్నాడు. నా ముందున్న గడువు అది. జూన్‌లో బడి గంట కొట్టేలోపు నాకు హైదరాబాద్‌లో ఉద్యోగం రావాలి, లేకపోతే ఆ గంట కొట్టేది నేనే.

క్లాసులో ఆయన పద్ధతి వేరు. కంప్యూటర్ ముట్టుకోనివ్వకుండా బల్ల మీద ఒక నీళ్ళ సీసా పెట్టి, "ఇది బాగుందని ఎలా నమ్ముతారు?" అని అడిగాడు. ఒకరు మూత అన్నారు, ఒకరు కారుతుందేమో చూడాలన్నారు. నేను లేచి, సీసా మీద లీటరు అని రాసి ఉంది, నిజంగా లీటరు పడుతుందా అన్నాను. ఆయన నా వైపు ఒక క్షణం చూసి తర్వాతి వాళ్ళని అడిగాడు. బాగుందని అనలేదు. ఆయన ఎవరినీ అనడు. కానీ ఆ రోజు చెప్పిన మాట ఒకటి నాకు పట్టేసింది. ఒకసారి కనబడితే అది అనుమానం, అదే మళ్ళీ చేసి చూపించగలిగితేనే తప్పు. చూపించలేనిది రిపోర్టులో రాయొద్దు, అవతల దాన్ని తయారుచేసింది కూడా ఒక మనిషే అన్నాడు.

అప్పటినుంచి నేను ఆయన్నే టెస్ట్ చేయడం మొదలుపెట్టాను.

ఇన్‌స్టిట్యూట్ ఓనరు బంధువు ఒకడు మా బ్యాచ్‌లో ఉండేవాడు. ఆలస్యంగా వచ్చి అద్దం తలుపు మీద కొట్టేవాడు. సార్ తల తిప్పి కూడా చూసేవాడు కాదు. ఫ్రంట్ ఆఫీసు మనిషి వచ్చి సైగలు చేసినా అంతే. మాకు కడుపు నిండేది. ఇంకో రోజు తెల్లవారుజామునుంచి ఒకటే వాన. మైత్రీవనం సిగ్నల్ దగ్గర మోకాలి లోతు నీళ్ళు. ఏడైంది, సార్ రాలేదు. ఆ రోజు తలుపు దగ్గరి కుర్చీ నాది. గడియ నేనే వేశాను. ఏమవుతుందో చూద్దామన్న ఉత్సాహం అందులో లేదని చెప్పను. కాసేపటికి అద్దం అవతల ఆయన, తడిసిన గొడుగుతో. నేను లేవబోతే వద్దన్నట్టు తల ఊపి, మెట్ల మీద రుమాలు పరుచుకుని కూర్చున్నాడు. గంట సేపు అలాగే కూర్చున్నాడు. మా టైం అయిపోయాక లోపలికి వచ్చి, తప్పు తనదేనని చెప్పి, పక్క గది ఖాళీ చేయించుకుని మొత్తం పాఠం చెప్పాడు.

మధురానగర్ హాస్టల్‌లో నా రూమ్మేట్‌కి ఇదంతా చెప్తే పక్కలో పొర్లి పొర్లి నవ్వింది. ఆమె మా వైపు పిల్లే, అమీర్‌పేటలో నాకంటే సీనియర్. అప్పటికే మూడు కోర్సులు అయిపోయాయి. "గింత నీతిమంతుడు అమీర్‌పేటల ఏం జేస్తుండే?" అంది. నాకూ అదే అనిపించింది. మెట్ల మీద కూర్చున్నందుకు ఆయన మీద గౌరవం పుట్టింది, ఆ పుట్టిన గౌరవం మీద అనుమానం పుట్టింది. రెండూ ఒక గదిలో సర్దుకుని ఉండేవి, నేనూ నా రూమ్మేట్ లాగా.

కోర్సు చివర మాక్ ఇంటర్వ్యూలు పెట్టాడు. కంపెనీలవాళ్ళు మనుషులు కావాలంటే ఆయన్ని అడిగేవాళ్ళు, మాక్‌లో నిలబడినవాళ్ళ పేర్లే ఆయన పంపేవాడు. నా వంతు వచ్చింది. ఆయన అడిగిన ప్రతి ప్రశ్నకీ నేను బోలెడు చెప్పాను. మధ్యలో ఆపి, "నేనడిగింది ఇదా అమ్మా?" అన్నాడు. కాదు. నాకున్న జబ్బు అది. ఎవరైనా ప్రశ్న వేస్తే, ఆ ప్రశ్న ఎందుకు వేశారు, ఎక్కడ పట్టుకోవాలని చూస్తున్నారు అని ఆలోచిస్తూ అసలు ప్రశ్న సగమే వింటాను. "ప్రశ్న వినమ్మా. నా మొహం చూడకు" అన్నాడు. మా బ్యాచ్‌లో నాకంటే వెనకబడిన ఇద్దరి పేర్లు పంపాడు. నన్ను మాత్రం వచ్చే బ్యాచ్‌లో మళ్ళీ కూర్చోమన్నాడు. ఒకసారి చేరినవాళ్ళు ఎన్నిసార్లైనా కూర్చోవచ్చు, అమీర్‌పేటలో అది మామూలే.

"అరే పిచ్చిదానా, నీకింక సమజ్ కాలేదా" అంది రూమ్మేట్. "డెమోకు మంది నిండుగ కనవడాలె. పాతోళ్ళు ముంగట కూసొని తలకాయలూపాలె. గప్పుడే కొత్తోళ్ళు చేరుతరు. నువ్వు మస్తు జవాబులు చెప్తవు గద, నిన్నెందుకు ఇడుస్తడు?"

నాకు మొదటి రోజు ఊగిన తలలన్నీ ఒక్కసారి కళ్ళముందు కనిపించాయి.

అనుమానం ఒక్కసారి కనబడింది, ఇంకోసారి చూడాలి కదా. తర్వాతి డెమోకి వెళ్ళాను. ఫ్రంట్ ఆఫీసు మనిషి నన్ను చూడగానే నవ్వుతూ ముందు వరసలో కుర్చీ చూపించాడు. సార్ నీళ్ళ సీసా తీశాడు. వెనకాల కొత్తవాళ్ళు బిక్కమొహాలేసుకుని చూస్తుంటే, నన్ను లేపి అడిగాడు. లీటరు సంగతి చెప్పాను. వెనక నుంచి "అబ్బా" అన్నారెవరో. ఆ వారమే ఆ బ్యాచ్ నిండిపోయింది. మళ్ళీ కోర్సు, మళ్ళీ మాక్, మళ్ళీ "ఇంకా కాదమ్మా". నాకు ఒళ్ళు మండిపోయింది. బడిలో పిల్లల్ని ఫెయిల్ చేసినప్పుడు వాళ్ళు నన్ను ఎలా చూసేవాళ్ళో, ఆయన్ని నేను అలా చూశాను.

ఒక సాయంత్రం ఆయన మేడ దిగి పంజాగుట్ట వైపు నడుస్తుంటే వెనకాలే వెళ్ళాను. మెట్రో స్తంభాల వెంట, షాపుల వాళ్ళు ఫుట్‌పాత్ మీద పరిచిన సామాన్లు తప్పించుకుంటూ. ఆయన ఎక్కడా ఆగలేదు, ఒక టిఫిన్ సెంటర్ దగ్గర నిలబడి రెండు ఇడ్లీలు తిన్నాడు, చేయి కడుక్కుని జేబు రుమాలుతో తుడుచుకున్నాడు. పంజాగుట్ట సర్కిల్ దాటాక ఒక ఆఫీసు బిల్డింగ్‌లోకి వెళ్ళాడు. సెక్యూరిటీ అతను లేచి నమస్తే పెట్టాడు, అంటే కొత్త కాదు. బోర్డు చూశాను. మా బ్యాచ్‌లో ఇద్దరిని తీసుకున్న కంపెనీయే. ఎదురుగా జ్యూస్ బండి దగ్గర నిలబడి ఆయన దిగేదాకా చూశాను. మరుసటి వారం మళ్ళీ అదే రోజు అక్కడే నిలబడ్డాను. మళ్ళీ వచ్చాడు. రెండోసారీ కనబడింది, ఇక అది తప్పే అని ఖాయం చేసుకున్నాను. ఏదో బేరం నడుస్తోంది, ఆ బేరంలో నేను లేను.

ఎండలు ముదిరాయి. నాన్న ఫోన్‌లో బడి తెరిచే రోజు దగ్గరికొస్తోందని అనలేదు, కరస్పాండెంట్ కలిశాడని మాత్రం అన్నాడు. మా నాన్న గట్టిగా అడగడం అంటే అదే.

ఆ తర్వాతి డెమోకి నేను నిర్ణయం చేసుకుని వెళ్ళాను. ముందు వరస, అదే కుర్చీ. ఏడింటికి గడియ పడింది. ఆయన సీసా తీసి బల్ల మీద పెట్టాడు. నన్ను లేపాడు. లేచాను.

"సార్, నేను ఈ డెమోల ఎన్నోసారి కూసున్ననో వీళ్ళకు జర చెప్పుండ్రి" అన్నాను.

అద్దం అవతల ఫ్రంట్ ఆఫీసు మనిషి ఫోన్ చెవి నుంచి తీసేశాడు. సార్ నన్ను చూశాడు. కోప్పడతాడు, బయటికి పొమ్మంటాడు, గడియ తీయిస్తాడు అని నేను ఒక్కోటీ లెక్కేసుకుంటున్నాను. ఆయన సీసా తీసి పక్కన పెట్టాడు.

"పాతవాళ్ళందరూ లేచి నిలబడండి" అన్నాడు.

ఎవరూ కదల్లేదు. ఇంకోసారి అన్నాడు. ఒక కుర్చీ కిర్రుమంది, తర్వాత ఇంకొకటి. ముందు వరసలన్నీ లేచాయి. సగం గది నిలబడింది. వెనక కూర్చున్న కొత్తవాళ్ళు మా వీపులు చూస్తూ ఉండిపోయారు.

"వీళ్ళంతా ఇంతకుముందే కోర్సు విన్నవాళ్ళు. గది నిండుగా కనబడాలని ఆఫీసువాళ్ళు కూర్చోబెడతారు. నేను వద్దనలేదు, అది నా తప్పు. ఈ అమ్మాయి రెండుసార్లు పూర్తిగా విన్నది, ఇంకా ఉద్యోగం రాలేదు. అదీ మీకు తెలియాలి. తెలిశాక కూడా ఉండాలనుకున్నవాళ్ళు ఉండండి" అన్నాడు. ఆయనే నడిచి వెళ్ళి గడియ తీశాడు. ఏడు తర్వాత ఆ గడియ తీయడం నేను చూసింది ఆ ఒక్కసారే.

చాలామంది వెళ్ళిపోయారు. ఆఫీసు మనిషి మొహం నల్లబడిపోయింది. సార్ మళ్ళీ గడియ వేయించి, మిగిలిన వాళ్ళకి సీసా పాఠం మొదలుపెట్టాడు. నేను నిలబడే ఉన్నాను. కూర్చోమన్నాడు. కూర్చున్నాను. గెలిచినట్టు అనిపించాలి కదా, అనిపించలేదు. సిగ్గేసింది, ఏడుపొచ్చింది, ఆ ఏడుపులోనే ఇంకో మాట తొలిచింది. అంతా ఒప్పేసుకున్నాడు సరే, మరి పంజాగుట్ట సంగతో?

క్లాసయ్యాక ఆయన నన్ను ఆగమన్నాడు. మర్నాడు పొద్దున పంజాగుట్ట ఆఫీసుకి వెళ్ళమన్నాడు, అదే బిల్డింగ్. చిరునామా చెప్పబోతే తెలుసు సార్ అన్నాను. ఎలా తెలుసని అడగలేదు. నన్ను వదిలించుకుంటున్నాడని ఆ రాత్రి రూమ్మేట్ తేల్చింది. నోరు మూయిస్తున్నాడని నేను తేల్చాను. ఇద్దరం కలిసి ఆ నిజాయితీపరుణ్ణి ఉతికి ఆరేశాం.

ఇంటర్వ్యూలో మేనేజర్ మేడం ఆ బిల్డింగ్ లిఫ్ట్‌ని ఎలా టెస్ట్ చేస్తావని అడిగింది. పోయేదేముందిలే అన్న తెగింపుతో ఉన్నానేమో, ఆమె ఎందుకు అడిగిందో ఆలోచించే ఓపిక లేకపోయింది. ప్రశ్న విన్నాను, దానికే జవాబు చెప్పాను. తెలియని రెండు చోట్ల తెలియదన్నాను. బడి తెరవడానికి ముందే నాకు ఉద్యోగం ఆర్డరు వచ్చింది. నాన్నకి ఫోన్ చేస్తే, "మంచిగ జెయ్యి బిడ్డా" అన్నాడు. ఆ పూటే వెళ్ళి కరస్పాండెంట్‌కి నా చోటు ఇంకెవరికైనా ఇవ్వమని చెప్పి వచ్చాడట.

పంజాగుట్ట గుట్టు నాకు ఉద్యోగంలో చేరాకే తెలిసింది. ఆయన పంపిన పిల్లలు ఇంటర్వ్యూలో ఎక్కడ ఆగిపోయారో, ఏది రాక నీళ్ళు నమిలారో కనుక్కోవడానికి వారం వారం వచ్చి మా మేనేజర్ దగ్గర కూర్చునేవాడు. పాస్ అయినవాళ్ళ గురించి అడిగేవాడే కాదు. ఆమె నవ్వుతూ చెప్పింది. నాకు నవ్వు రాలేదు. స్వీట్ బాక్స్ పట్టుకుని వెళ్తే, ఒక ముక్క తుంచి నోట్లో వేసుకుని మిగతాది క్లాసుకి పంచేశాడు. ఏడవుతోంది, నువ్వు లోపలైనా కూర్చో, బయటైనా వెళ్ళు అన్నాడు. బయటికే వచ్చాను. పోన్లే, నాకోసం ఒక మంచి మాట చెప్పి ఉంటాడు, మొహం మీద అనలేని మనిషి అనుకున్నాను. చాలా ఏళ్ళు ఆ నమ్మకం మీదే బతికాను. నా జన్మలో అనుమానించకుండా ఉంచుకున్నది అదొక్కటే.

ఇప్పుడు అదే ఆఫీసులో ఇంటర్వ్యూలు నేను చేస్తున్నాను. మొన్న ఒక అమ్మాయి వచ్చింది, ఆయన దగ్గర చదువుకున్నదే, ఇంకా చదువుకుంటున్నదే. ఆయన పంపలేదు, తనంతట తనే వచ్చింది. బయట సోఫాలో కూర్చోబెట్టి ఆయనకి ఫోన్ చేశాను. గొంతు కొంచెం సన్నబడింది, పద్ధతి అదే. ఆ అమ్మాయి ఎలా ఉంటుంది సార్ అని అడిగాను.

"ఇంకా కాదమ్మా. కంగారెక్కువ. కొంచెం టైం పడుతుంది."

నాకు పాత మంట రేగింది. ఇన్నేళ్ళయినా ఈ మనిషి నోట ఒకళ్ళ గురించి ఒక మంచి ముక్క రాదా అనిపించి, అడగకూడదనుకున్నది అడిగేశాను.

"మరి అప్పుడు నా గురించి ఏం చెప్పిన్రు సార్?"

"నీ గురించా? అదే చెప్పా. ప్రశ్న పూర్తిగా వినదు, ఇంకా టైం పడుతుంది అని చెప్పా. తీసుకున్నది వాళ్ళు."

ఫోన్‌లో అవతల ఆయన గదిలో ఎవరో సీసా మూత తిప్పుతున్న చప్పుడు వినిపించింది. బహుశా పాఠం మధ్యలో ఉన్నాడు.

"నా మాట నమ్మి ఆ పిల్లని పంపించేయకు. పిలిచి నువ్వే చూసుకో. అప్పుడు వాళ్ళకీ అలాగే, పిలిచి మీరే చూసుకోండని చెప్పా" అని పెట్టేశాడు.

ఆ మాట ఎందుకన్నాడు, దాని వెనకాల ఏముంది అని ఫోన్ చేతిలో పట్టుకుని కాసేపు ఆలోచించాను. అద్దంలోంచి ఆ అమ్మాయి కనబడుతోంది, ఒళ్ళో ఫైలు పెట్టుకుని తలుపు వైపే చూస్తోంది. ఆయన ఏం చెప్పాడో మళ్ళీ ఒకసారి గుర్తు చేసుకున్నాను. పిలిచి చూసుకో అన్నాడు, అంతే. లేచి వెళ్ళి తలుపు తీసి ఆ అమ్మాయిని లోపలికి పిలిచాను.